డాలస్‌లో ఇల్లు కొంటున్నారా? ఇన్సూరెన్స్ కోట్‌లో ప్రీమియం కంటే ముందు చూడాల్సినవి

మా ఇంటి మీద వడగళ్లు పడిన సాయంత్రం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఏప్రిల్ నెల. వాతావరణ హెచ్చరికతో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. తర్వాత పావుగంట సేపు పైకప్పు మీద ఎవరో లారీతో కంకర కుమ్మరిస్తున్నట్టు ఒకటే మోత. తగ్గాక పెరట్లోకి వెళ్తే గడ్డిలో నిమ్మకాయలంత ఐసు గడ్డలు. మర్నాడు పొద్దున్నే రూఫింగ్ వాళ్లు నిచ్చెనలు వేసుకుని ఇంటింటి తలుపూ తట్టడం మొదలుపెట్టారు. వారానికి నష్టం ఎంతో చూడటానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన అడ్జస్టర్ వచ్చాడు. రూఫ్ ఎక్కి, సుద్దముక్కతో పదడుగుల చదరం గీసి, అందులో వడగళ్లు తగిలిన ప్రతి చోటా సున్నా చుట్టుకుంటూ పోయాడు. ఆ ఒక్క చదరంలోనే పద్నాలుగు సున్నాలు. కిందికి దిగి, రూఫ్ మొత్తం మార్చాల్సిందే అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. పది రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. నాకు రావాల్సిన డబ్బు: సున్నా.

కంపెనీ నన్ను మోసం చేయలేదు. నేను సంతకం పెట్టిన పాలసీలో ఏం రాసి ఉందో అదే చేసింది. ఇల్లు కొనేటప్పుడు నా ముందు రెండు కోట్‌లు, అంటే పాలసీకి ఎంత అవుతుందో కంపెనీలు రాసిచ్చిన కాగితాలు ఉంటే, ఏడాదికి 900 డాలర్లు తక్కువ ఉన్నదాన్ని పట్టుకున్నాను. రెండూ ఒకటే కదా, రెండింటి మీదా ఇంటి విలువ 4,80,000 డాలర్లు అనే ఉంది కదా అనుకున్నాను. టెక్సస్‌లో ఇల్లు కొంటున్న మన తెలుగువాళ్లలో చాలామంది ఇదే చేస్తున్నారు. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ చుట్టుపక్కల ఏ విందుకు వెళ్లినా వడ్డీ రేటు గురించి గంట సేపు మాట్లాడతారు, ఇన్సూరెన్స్ గురించి రెండు నిమిషాలు కూడా మాట్లాడరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ సున్నా ఎలా వచ్చిందో చూద్దాం

పాలసీ రూఫ్‌కు డబ్బు ఎలా కడుతుందన్నది మొదటి తేడా. రీప్లేస్‌మెంట్ కాస్ట్ అంటే కొత్త రూఫ్ వేయడానికి ఎంత అవుతుందో అంత. యాక్చువల్ క్యాష్ వాల్యూ అంటే అందులోంచి మీ రూఫ్ వయసుకు తగ్గ తరుగుదల తీసేసి మిగిలినంత. మా రూఫ్ వయసు పన్నెండేళ్లు. కొత్తది వేయడానికి 21,000 డాలర్లు. కంపెనీ దాని ఆయుష్షు ఇరవై ఏళ్లుగా లెక్కకట్టి, 60 శాతం తరుగు తీసేసింది. మిగిలింది 8,400.

రెండో తేడా డిడక్టిబుల్, అంటే ముందుగా మన జేబులోంచి పెట్టుకోవాల్సిన భాగం. టెక్సస్‌లో గాలి, వడగళ్ల నష్టానికి డిడక్టిబుల్ సాధారణంగా విడిగా, శాతాల్లో ఉంటుంది. ఆ శాతం నష్టం మీద కాదు, ఇంటి బీమా మొత్తం మీద. చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. నా పాలసీలో 2 శాతం అని చూసి, 20,000 నష్టమైతే 400 పోతుంది కాబోలు అనుకున్నాను. అసలు లెక్క 4,80,000లో 2 శాతం, అంటే 9,600 డాలర్లు. 8,400లోంచి 9,600 తీసేస్తే ఇక ఇచ్చేదేముంది?

అదే నేను వద్దనుకున్న రెండో కోట్‌లో రూఫ్‌కు రీప్లేస్‌మెంట్ కాస్ట్, వడగళ్లకు 1 శాతం డిడక్టిబుల్ ఉన్నాయి. దాని ప్రకారం 21,000లో 4,800 పోగా 16,200 డాలర్లు వచ్చేవి. నాలుగేళ్లలో నేను ప్రీమియంలో మిగుల్చుకున్నది 3,600.

రీప్లేస్‌మెంట్ కాస్ట్ పాలసీలోనూ డబ్బంతా ఒకేసారి రాదు. మొదటి చెక్కులో తరుగుదల, డిడక్టిబుల్ రెండూ తీసేసి ఇస్తారు. పని పూర్తిచేయించి బిల్లులు పంపాక ఆపిన తరుగుదల డబ్బు విడుదల చేస్తారు. దానికి గడువు ఉంటుంది, చాలా పాలసీల్లో ఏడాది. ఆ గడువు దాటిపోయి రెండో చెక్కు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఇంకో సంగతి. తలుపు తట్టే రూఫింగ్ వాళ్లలో కొందరు "డిడక్టిబుల్ మీరు కట్టక్కర్లేదు, మేం సర్దేస్తాం" అంటారు. 2019 సెప్టెంబర్ నుంచి టెక్సస్ చట్టం ప్రకారం అలా చేయడం నేరం. డిడక్టిబుల్ మీరే కట్టినట్టు రుజువు చూపమని కంపెనీ అడగొచ్చు. అలాంటి మాట విన్న వెంటనే వాళ్లకు నమస్కారం పెట్టి పంపించేయండి.

కాబట్టి రెండు కోట్‌లు పక్కపక్కన పెట్టినప్పుడు ముందు రూఫ్ లైన్ చూడండి, తర్వాత వడగళ్ల డిడక్టిబుల్ చూడండి, ఆ శాతాన్ని డాలర్లలోకి మార్చి కాగితం మీద రాసుకోండి. ప్రీమియం సంగతి ఆ తర్వాత. కొన్ని పాలసీల్లో ఇంటికి రీప్లేస్‌మెంట్ కాస్ట్ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రూఫ్‌కు మాత్రం వయసును బట్టి తగ్గుతూ పోయే పట్టిక చివర్లో అతికించి ఉంటుంది. రూఫ్ పదేళ్లు దాటితే దానంతటదే తరుగుదల పద్ధతికి మారిపోయేవీ ఉన్నాయి. కొత్త ఇల్లు కొన్నవాళ్లు మాకేం భయం అనుకోకుండా ప్రతి రెన్యూవల్ కాగితం చదవాలి.

రూఫ్ మార్చే అవసరం ఎలాగూ వస్తే క్లాస్ 4 షింగిల్స్ (పైకప్పు మీద పరిచే పలకలు) ధర అడగండి. ఇవి వడగళ్ల దెబ్బకు తట్టుకునేలా పరీక్షించినవి. ఖర్చు కాస్త ఎక్కువే కానీ టెక్సస్‌లో చాలా కంపెనీలు వీటికి ప్రీమియంలో తగ్గింపు ఇస్తాయి. మేం అవే వేయించుకున్నాం, సొంత డబ్బుతో.

ఇంటిని బట్టి పాలసీ

విడి ఇల్లయితే ఎక్కువగా కనిపించేది హెచ్‌ఓ-3. ఇంటి కట్టడం విషయంలో, మినహాయింపుల్లో పేరుపెట్టి రాసినవి తప్ప మిగతా నష్టాలన్నీ కవర్ అవుతాయి. లోపలి సామాన్లకు మాత్రం పాలసీలో పేర్లు రాసిన ప్రమాదాలకే. హెచ్‌ఓ-5లో సామాన్లకూ కట్టడంతో సమానమైన రక్షణ ఉంటుంది. రెండింటి మధ్య తేడా ఏడాదికి వంద, రెండొందల్లో ఉంటే నేనైతే హెచ్‌ఓ-5 వైపే మొగ్గుతాను. టెక్సస్‌లో హెచ్‌ఓ-ఏ అనే పాత రకం పాలసీ ఇప్పటికీ ఎదురుపడుతుంది. చౌక. ఇంటి కట్టడం విషయంలో కూడా పేర్లు రాసిన ప్రమాదాలకే, మామూలుగా తరుగుదల తీసేసే డబ్బు కడుతుంది. కోట్ మరీ తక్కువగా కనిపిస్తే ముందు ఇదేనేమో చూడండి.

కాండో, అంటే సొంత ఫ్లాట్ అయితే హెచ్‌ఓ-6. బయటి కట్టడం సొసైటీ వాళ్ల మాస్టర్ పాలసీలో ఉంటుంది, మీరు లోపలి భాగానికి తీసుకుంటారు. టౌన్‌హోమ్ దగ్గరే తికమక. కొన్ని కమ్యూనిటీల్లో రూఫ్, బయటి గోడలు హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) చూసుకుంటుంది, కొన్నింటిలో పూర్తిగా మీదే బాధ్యత. అమ్మే ఏజెంట్ నోటిమాట నమ్మొద్దు, హెచ్‌ఓఏ పత్రాలు తెప్పించుకుని చదవండి. మాస్టర్ పాలసీ డిడక్టిబుల్‌ను ఇంటింటికీ పంచి వసూలు చేస్తే కాపాడే లాస్ అసెస్‌మెంట్ కవరేజ్ కూడా అడగండి.

మొదటి ఇల్లు అద్దెకిచ్చి పెద్ద ఇంటికి మారడం మనవాళ్లలో మామూలే. పాత ఇంటి పాలసీని అలాగే నడిపిస్తూ ఉంటారు. అది మీరు ఉండే ఇంటికి ఇచ్చిన పాలసీ. అద్దెకున్నవాళ్ల వంటింట్లో మంట లేస్తే క్లెయిమ్ తిరస్కరించడానికి ఆ ఒక్క కారణం చాలు. అద్దె ఇంటికి డీపీ-3 రకం వేరే తీసుకోవాలి. అద్దెకుండేవాళ్లు తమ సామాన్లకు హెచ్‌ఓ-4 తీసుకుంటారు. ఖర్చు చాలా తక్కువ. ఇల్లు కొనే ముందు అపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్లూ అదైనా ఉంచుకోండి.

ఎంత మొత్తానికి?

మన ఊళ్లో ఇంటి విలువంటే స్థలం విలువే. ఆ అలవాటుతో ఇక్కడ కూడా "ఆరు లక్షలకు కొన్నాను, బీమా నాలుగున్నర లక్షలకే రాశారేంటి" అని కంగారుపడతారు. నేల కాలిపోదు, కాబట్టి దానికి బీమా ఉండదు. ఇల్లు నేలమట్టమైతే ఇవాళ్టి కూలీతో, ఇవాళ్టి సామాన్ల ధరతో మళ్లీ కట్టడానికి ఎంత అవుతుందో అదే కవరేజ్ ఏ. మిగతా కవరేజీల్లో చాలావరకు దానిలో శాతాలే. మీరు చూసుకోవాల్సింది వంటింటి గ్రానైట్, టేకు పూజా మందిరం, తర్వాత వేయించిన చెక్క ఫ్లోరింగ్ ఆ అంచనాలో ఉన్నాయా అని. ఏజెంట్ కంప్యూటర్‌లో మామూలు రకం అని టిక్కు పెట్టేసి ఉంటాడు. పెద్ద తుపాను తర్వాత మేస్త్రీలు దొరక్క ఖర్చులు పెరిగిపోతాయి. అందుకని కవరేజ్ ఏ మీద 25 శాతం దాకా అదనంగా ఇచ్చే ఎక్స్‌టెండెడ్ రీప్లేస్‌మెంట్ కాస్ట్ ఉంటే తీసుకోవడం మంచిది.

ఇల్లు బాగుచేసేదాకా బయట ఉండే ఖర్చు కవరేజ్ డీలో వస్తుంది. మంచి స్కూల్ జోన్‌లో నెల అద్దె ఎంతో మీకు తెలుసు, పిల్లలను బడి మార్పించకుండా ఏడాది గడపడానికి అది సరిపోతుందో లేదో లెక్కేసుకోండి. ఎదుటివాళ్లకు మన ఇంట్లో దెబ్బ తగిలితే కాపాడే లయబిలిటీ మామూలుగా 1,00,000 డాలర్లకు రాస్తారు. దాన్ని 3,00,000 చేయించడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. ట్రాంపొలిన్, ఈత కొలను, కుక్క ఉంటే దాచకుండా చెప్పండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు మెట్ల మీద జారిపడితే ఇంటి పాలసీ చూసుకుంటుందని మాత్రం అనుకోవద్దు. వాళ్లకు విజిటర్ ఇన్సూరెన్స్ విడిగా ఉండాల్సిందే.

నీళ్లలో మూడు రకాలు

గోడలోని పైపు హఠాత్తుగా పగిలి ఇల్లంతా తడిస్తే మామూలు పాలసీ డబ్బిస్తుంది. అదే పైపు నెలల తరబడి చెమ్మగిల్లుతూ గోడ కుళ్లిపోతే ఇవ్వదు. డ్రైనేజీ వెనక్కి తన్ని బాత్రూంలోకి వస్తే దానికి విడిగా ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి అదనంగా చేర్చుకునే కవరేజ్ ఉండాలి. ఇక వీధిలోంచి, వాగులోంచి నేల మీదుగా వచ్చే నీళ్లను వరద అంటారు. దాన్ని ఇంటి పాలసీ ముట్టుకోదు. ఎంత ఖరీదైన పాలసీ అయినా సరే.

వరద బీమాకు ప్రధాన ఆధారం 1968లో మొదలైన ఫెడరల్ కార్యక్రమం, ఎన్‌ఎఫ్‌ఐపీ. ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామాన్లకు 1,00,000. సామాన్ల భాగం అడిగి తీసుకుంటేనే ఉంటుంది. బయట ఉండే ఖర్చు ఇందులో రాదు. మామూలుగా తీసుకున్న 30 రోజులకు గాని అమల్లోకి రాదు, కాబట్టి తుపాను టెక్సస్ పక్కనున్న సముద్రంలోకి వచ్చాక పరిగెత్తితే లాభం లేదు. ఇంటి లోన్ క్లోజింగ్‌తో (లోన్, ఇంటి కాగితాల మీద చివరి సంతకాలతో) పాటే తీసుకుంటే మాత్రం ఈ నిరీక్షణ ఉండదు. ప్రైవేటు కంపెనీల వరద పాలసీలు పెద్ద మొత్తాలకు, కొన్ని బయట ఉండే ఖర్చుతో కలిపి దొరుకుతాయి. అయితే ప్రమాదం పెరిగిందనిపిస్తే రెన్యూ చేయకుండా తప్పుకునే వీలు వాటికి ఉంటుంది.

మ్యాప్‌లో వరద జోన్ కాదు, లోన్ ఇచ్చే లెండర్ కూడా అడగలేదు, మరి ఎందుకు అంటారా? 2017 ఆగస్టులో హార్వీ తుపానుకు హ్యూస్టన్‌లో మ్యాప్‌లో ప్రమాదం లేదన్న ఇళ్లు కూడా వేల సంఖ్యలో మునిగాయి. హ్యూస్టన్, కేటీ, షుగర్‌ల్యాండ్ వైపు కొంటున్నవాళ్లు దీన్ని ఐచ్ఛికం అనుకోకండి. డాలస్ ఉత్తరాన గట్టు మీద ఉన్న ఇల్లయితే కోట్ తెప్పించుకుని ఆలోచించండి. పెరటి వెనకాల క్రీక్ (చిన్న వాగు) ఉంటే మాత్రం ఆలోచన అక్కర్లేదు, తీసుకోండి.

డాలస్ ప్రాంతంలో ఫౌండేషన్ గొడవ ఒకటుంది. ఇక్కడి నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. మన గుంటూరు, కర్నూలు వైపు పొలాల్లో చూసిందే. దాని వల్ల ఇల్లు కుంగితే పాలసీ డబ్బివ్వదు. పునాది కింద పైపు లీకై కుంగితే ఇచ్చే ఎండార్స్‌మెంట్ ఉంది, ఒక పరిమితి వరకు. పాత ఇల్లు కొంటే అది పెట్టించుకోండి.

బంగారం

దీని గురించి మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. సామాన్లకు రెండు లక్షల డాలర్ల కవరేజ్ ఉంది కాబట్టి నగలు కూడా అందులోనే అనుకుంటారు. దొంగతనం జరిగితే నగలన్నిటికీ కలిపి చాలా పాలసీల్లో ఇచ్చేది 1,500 డాలర్లు. ఇవాళ్టి ధరలో ఒక జత గాజులు కూడా రావు. నాణేలు, బిస్కెట్ల రూపంలో ఉన్న బంగారానికి పరిమితి అంతకంటే ఇంకా తక్కువ.

మార్గాలు రెండు. ఒకటి, ఖరీదైన నగలను ఒక్కొక్కటిగా రాయించడం. దీన్ని షెడ్యూలింగ్ అంటారు. అప్రైజల్ (నగ విలువ కట్టిన పత్రం) కావాలి, ప్రీమియం పెరుగుతుంది. కానీ ప్రయాణంలో ఎక్కడో జారిపోయినా సాధారణంగా వస్తుంది, డిడక్టిబుల్ కూడా మామూలుగా ఉండదు. రెండు, బ్యాంకు లాకర్. ఎప్పుడూ వేసుకునే నగలకు మొదటిది, పెళ్లిళ్లకే బయటికి తీసేవాటికి రెండోది బాగుంటుందని నా అభిప్రాయం. మా ఆవిడ ఒక ఆదివారం నగలన్నీ మంచం మీద తెల్ల దుప్పటి పరిచి ఒక్కొక్కటీ తూకం చీటీతో సహా ఫొటో తీసింది. హైదరాబాద్ షాపు బిల్లులు కూడా స్కాన్ చేసి పెట్టింది. నగలు మన దగ్గర ఉండేవని రేపు చూపించాల్సి వస్తే ఆ ఫొటోలే ఆధారం.

ఇండియా వెళ్లేటప్పుడు

సంక్రాంతికి, పెళ్లికి అని డిసెంబరు, జనవరి నెలల్లో ఇల్లు తాళం వేసి వెళ్తాం. అప్పుడే ఇక్కడ గడ్డకట్టే చలి. 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకు రోజుల తరబడి కరెంటు పోయి టెక్సస్ అంతా పైపులు పగిలిన సంగతి ఇక్కడున్న ఎవరూ మర్చిపోలేరు. ఖాళీగా ఉన్న ఇంట్లో పైపులు గడ్డకట్టి పగిలితే, హీటర్ ఆన్‌లో ఉంచారా, లేదంటే నీళ్లు మెయిన్ దగ్గర కట్టేసి పైపులు ఖాళీ చేశారా అని కంపెనీ అడుగుతుంది. కరెంటు డబ్బు మిగులుతుందని హీటర్ పూర్తిగా ఆపేసి వెళ్లొద్దు. సామాన్లు కూడా తీసేసి ఇల్లు 60 రోజులు ఖాళీగా ఉంటే చాలా పాలసీల్లో కొన్ని కవరేజీలు ఆగిపోతాయి. అమ్మకానికి పెట్టి వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఎవరి దగ్గర తీసుకోవాలి

స్టేట్ ఫామ్, ఆల్‌స్టేట్ లాంటి కంపెనీల ఏజెంట్లు ప్రధానంగా తమ కంపెనీ పాలసీలే అమ్ముతారు. ఇండిపెండెంట్ ఏజెంట్ నాలుగైదు కంపెనీలవి పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. రూఫ్ పాతదైతే ఇండిపెండెంట్ ఏజెంట్ దగ్గరికే ముందు వెళ్తాను. ఒక కంపెనీ వద్దన్న రూఫ్‌ను ఇంకో కంపెనీ ఏ షరతులతో తీసుకుంటుందో ఆయనకు తెలుస్తుంది. కొత్త ఇల్లయితే బిల్డర్ తమకు సంబంధించిన ఏజెన్సీ కోట్ చేతిలో పెడతాడు. చూడండి, కానీ అక్కడే తీసుకోవాలన్న నిబంధన లేదు. టెక్సస్ ఇన్సూరెన్స్ శాఖ టీడీఐ ఆధ్వర్యంలో హెల్ప్‌ఇన్ష్యూర్ అనే సైటు ఉంది. మీ ప్రాంతంలో ఏ కంపెనీ రేట్లు ఎలా ఉన్నాయో, ఫిర్యాదులు ఎలా ఉన్నాయో డబ్బు ఖర్చు లేకుండా చూడొచ్చు.

క్లోజింగ్ వారం దాకా ఆగకండి. లెండర్‌కు పాలసీ కాగితం చేరకపోతే క్లోజింగే ఆగిపోతుంది. ఆ కంగారులో ఎవరైనా దొరికిన దాని మీద సంతకం పెట్టేస్తారు, నేను పెట్టినట్టు. ఇంటికి మీరిచ్చిన ఆఫర్ ఓకే అయిన రోజే మూడు కోట్‌లు అడగండి. మూడింటికీ ఒకే కవరేజ్ ఏ, ఒకే డిడక్టిబుల్, రూఫ్‌కు రీప్లేస్‌మెంట్ కాస్ట్ అని మెయిల్‌లో రాసి పంపండి. నోటితో చెప్తే ఒక్కొక్కరు ఒక్కోలా కట్టి ఇస్తారు, అప్పుడు పోల్చడానికే ఉండదు. టెక్సస్‌లో ఇన్సూరెన్స్ రేటుకు క్రెడిట్ చరిత్ర కూడా చూస్తారు. దేశానికి కొత్తగా వచ్చినవాళ్లకు కోట్‌ల మధ్య తేడా అందుకే ఎక్కువగా కనిపిస్తుంది. ఏడాది, రెండేళ్లకోసారి మళ్లీ అడిగి చూడటం దండగ కాదు. పాలసీ ఇచ్చాక మొదటి 60 రోజుల్లో కంపెనీ ఇల్లు చూసి, నచ్చకపోతే రద్దు చేయొచ్చు. అంచేత రూఫ్ వయసు విషయంలో అబద్ధం చెప్పకండి.

ఈ విషయం మా నాన్నకు ఫోన్‌లో చెప్తుంటే, మరి హైదరాబాద్‌లో మన కొండాపూర్ ఫ్లాట్ సంగతేమిటని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఫ్లాట్‌కు అసలు బీమానే లేదు. ఇండియాలో 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ ఉంది. అగ్నిప్రమాదం, వరద, తుపాను, భూకంపం అందులోనే కలిసి ఉంటాయి. అంటే టెక్సస్‌లో విడిగా కొనుక్కోవాల్సిన వరద అక్కడ లోపలే ఉంది. ఇంటి మొత్తంలో 20 శాతం, 10 లక్షల రూపాయల దాకా సామాన్లకు దానంతటదే వర్తిస్తుంది. మామూలు దొంగతనం మాత్రం రాదు, దానికి విడిగా తీసుకోవాలి. పదేళ్ల వరకు ఒకేసారి తీసుకోవచ్చు. ఇక్కడ కట్టే ప్రీమియంతో పోలిస్తే అక్కడి ప్రీమియం లెక్కలోకి రాదు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు తీసుకున్నాం. నాన్న ఆ కాగితాన్ని రిజిస్ట్రేషన్ దస్తావేజుల కవర్లోనే పెట్టి, బీరువా తాళం వేసి, పాలసీ నంబరు తన చిన్న డైరీలో రాసుకున్నారు. ఆ నంబరు నా ఫోన్‌లోనూ ఉంది.